జర ఫికర్ జెయ్యమన్న అక్క

మా వికారాబాద్, తాండూరు వైపు ఎవరికి ఏ కష్టమొచ్చినా పక్కనున్నవాళ్ళ నోట ముందుగా వచ్చే మాట ‘ఏం ఫికర్ జెయ్యకు’, అంటే ఏమీ బెంగపడకు అని. బస్సు తప్పిపోయినా అదే మాట, పెళ్ళి తప్పిపోయినా అదే మాట. నా నలభై ఏళ్ళలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ‘జర ఫికర్ జెయ్యి చెల్లె’, కొంచెం బెంగపడు అని చెప్పిన మనిషిని ఒక్కరినే చూశాను. ఆ అక్క కిందటి నెల పోయింది. జ్వరమన్నారు, రెండు రోజులన్నారు, అంతే.

దినాల నాడు వికారాబాద్ వెళ్ళాను. షామియానా కింద భోజనాలు నడుస్తున్నాయి. నా పక్క విస్తరి ముందు కూర్చున్న ఆమె బంధువు ఒకాయన, మనిషి మంచిదేగానీ వట్టి పిరికిదని, బతికినన్నాళ్ళూ నీడను చూసి ఉలిక్కిపడుతూనే బతికిందని చెప్పి నలుగురినీ నవ్వించాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమె పిరికితనం వల్లే నా మెడలో ఈ పుస్తె ఉందని అందామని నోటిదాకా వచ్చింది. దినాల నాడు గొడవెందుకని అన్నంతోపాటు మింగేశాను. మింగింది ఇప్పటికీ అరగలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

పిరికిది అన్న మాట అబద్ధం కాదు లెండి. అక్కకు మెరుపంటే భయం. అనంతగిరి గుట్టల మీద మబ్బు కమ్మిందంటే చాలు, దుకాణంలో ప్లగ్గులన్నీ పీకేసి గోడకు దూరంగా పీట జరుపుకుని కూర్చునేది. రైల్లో తలుపు పక్కన నిలబడేది కాదు, ఆగి ఉన్న రైల్లో కూడా. మండే ఎండల్లోనూ సంచిలో గొడుగు ఉండాల్సిందే. ఫోన్ ఎత్తితే హలో అనేది కాదు, "ఎవరికేమైంది?" అనేది. మొదటిసారి ఆ మాట విన్నప్పుడు నాకే ఏదో అయి ఉంటుందని ఒళ్ళు తడుముకున్నాను.

స్టేషన్ వెనక సందులో ఆమెది ఒకే గది దుకాణం. నేలకు మా తాండూరు నాపరాయి పరిచి ఉండేది. బల్లా కుర్చీ ఏమీ లేవు. కొంగు నడుముకు దోపుకుని, బాసింపట్టు వేసుకుని ఆ నేల మీదే కూర్చునేది, సుద్దముక్కతో ఆ బండ మీదే రాసుకునేది, పని అయ్యాక తడిగుడ్డ పెట్టి తుడిచేసేది. ఈ పని ఎక్కడ నేర్చుకుందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. హైదరాబాద్‌లో టీవీలు బాగుచేసేచోట అని ఒకరన్నారు. తనను అడిగితే చేస్తుంటే వచ్చిందనేది. మర్పల్లి దగ్గర గొర్లు కాసే ఇంట్లో పుట్టానని మాత్రం తానే చెప్పింది.

ఆమె దగ్గరికి వచ్చేవి అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్లు. పాల కేంద్రాల్లో చల్లదనం చూసేవి, తోటల్లో మోటార్లు నడిపేవి, దుకాణాల్లో కెమెరాలు చూసుకునేవి. వీటిలో పెద్ద డిస్కు ఉండదు. ఫోన్లో వేసుకునే మెమరీ కార్డులాంటిదే వాటి పలక, వాటి పుస్తకం. ఆ కార్డు నెమ్మదించిందంటే కంప్యూటర్ మొత్తం నెమ్మదిస్తుంది. ఎందుకు నెమ్మదించిందో పట్టుకోవడంలో మన జిల్లాలో అక్కను మించినవాళ్ళు లేరు.

ఇక నా సంగతి. మాది తాండూరు. అలాంటి బోర్డులు బిగించడమే నా పని. అంతకుముందు ఆరేళ్ళు ఒక ఆఫీసులో కూర్చుని కంప్యూటర్‌లో ఎంట్రీలు కొట్టాను. మా ఆయన నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. ఈ గనుల్లో బండ పైన రెండు నిలువుల నల్లమట్టి ఉంటుంది. ఆ మట్టిని గోడలా నిటారుగా కోసి, కింద బండ తీస్తారు. ఎండాకాలం ఆ గోడ రాయిలా నిలబడుతుంది. వానాకాలం నీళ్ళు తాగి నెర్రెలిస్తుంది. ఒక ఏడాది పక్క గనిలో అలాంటి గోడే జారింది. అప్పుడు అందరూ పైన అన్నాలు తింటున్నారు కాబట్టి సరిపోయింది. మా గని యజమాని భయపడి, ఏదైనా అలారం పెట్టమని నన్ను పిలిపించాడు.

పెట్టాను. గోడ పైన నెర్రెకు అటూ ఇటూ ఇనుప మేకులు కొట్టి మధ్య ఒక సన్న తీగ కట్టాను. నెర్రె వెడల్పయితే తీగ సాగుతుంది, సాగినట్టు రేకుల షెడ్డులో ఉన్న చిన్న కంప్యూటర్‌కు తెలుస్తుంది, అది సైరన్ మోగిస్తుంది. కింద మా ఆయనతో కలిపి పన్నెండు మంది. సైరన్ మోగితే పనిముట్లు ఎక్కడివక్కడ వదిలేసి పైకి రావాలి. రోజూ పొద్దున వాళ్ళు దిగేముందు నేను వెళ్ళి తీగను చేత్తో లాగి చూసేదాన్ని. చెయ్యి తీగ మీద ఉండగానే సైరన్ కూసేది. మొదటి సంవత్సరమంతా అట్లాగే కూసింది.

రెండో వానాకాలంలో ఒక పొద్దున లాగాను. మోగలేదు. సైరన్ వైరు ఊడిందేమోనని అది బిగించిన స్తంభం దాకా నడిచాను. వైరు బాగానే ఉంది. తిరిగి సగం దూరం వచ్చాక ఒక్కసారిగా కూసింది. మళ్ళీ లాగాను, వెంటనే మోగింది. పదిసార్లు లాగితే పదిసార్లూ వెంటనే మోగింది. యజమాని నవ్వి, మోగింది గద మేడం, ఇంకేం పరేషాన్ అన్నాడు. మా ఆయన కూడా లేటయినా మోగింది కదా అని మెట్లు దిగిపోయాడు. నేను ఆ మెట్ల దగ్గరే నిలబడిపోయాను. నేను స్తంభం దాకా నడిచి వెనక్కి వచ్చినంత సేపు వాళ్ళ నెత్తి మీద మట్టి ఆగుతుందా? ఆ వారం నాకు కంటి మీద కునుకు లేదు.

తాండూరులో ఒక దుకాణంవాడికి చూపించాను. వాడు కార్డులోకి ఒక పెద్ద సినిమా కాపీ చేసి, చూడండి ఎంత వేగంగా పోతుందో, దీనికి ఏ రోగమూ లేదు అన్నాడు. అయినా నా తృప్తికి కొత్త కార్డు వేయించుకున్నాను. పది రోజులు బాగుంది. పదకొండో రోజు మళ్ళీ ఆగింది. అప్పుడు ఎవరో అక్క సంగతి చెప్పారు. గనికి సెలవు రోజు చూసుకుని బోర్డు పీకి, చీర మడతలో చుట్టి, పొద్దుటి రైలెక్కాను.

అక్క ముందు ఏం రోగమని అడగలేదు.

"దీని కింద ఎవరున్నరు?" అంది.

నాకు అర్థం కాలేదు. గనిలో పెట్టానని, కింద పన్నెండు మంది ఉంటారని, అందులో ఒకరు మా ఆయనని చెప్పాను. ఆమె చేతిలో ఉన్నది ఎవరిదో పాల కేంద్రం బోర్డు. దాన్ని పక్కన పెట్టేసింది. వాళ్ళ పాలు విరిగితే విరుగుతాయని, ముందు ఇది చూద్దామని నా చేతిలోంచి మూట అందుకుంది.

ఆమె పని చేసే తీరు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మొట్టమొదట నేను తెచ్చిన ఛార్జర్ తీగ పక్కన పడేసి, గుడ్డసంచిలోంచి తన సొంత లావుపాటి తీగ తీసి తగిలించింది. సన్న తీగలో కరెంటు చాలక కూడా ఇవి నత్తనడక నడుస్తాయట. తర్వాత వేళ్ళ వెనకవైపుతో బోర్డును తాకి వేడి చూసింది. ఏది మార్చినా ఒక్కటే మార్చేది. రెండు ఒకేసారి మారిస్తే దొంగ ఎవరో తెలియదు అనేది. నా బోర్డులో తన కార్డు పెట్టి చూసింది, నా కార్డు తన బోర్డులో పెట్టి చూసింది. ప్రతిసారీ బండ మీద సుద్దతో ఒక గీత. తాండూరు దుకాణంవాడి సినిమా పరీక్ష గురించి చెబితే మూతి విరిచింది.

"గది పెండ్లి బారాత్ లెక్క. మస్తు కనవడ్తది. పని గాదు" అంది.

నీ కంప్యూటర్ పెద్ద సినిమాలు రాయదు కదా, క్షణక్షణానికీ చిటికెడు చిటికెడు రాస్తుంది కదా, మరి అట్లాగే రాయించి చూడాలి అని తన పరీక్ష మొదలుపెట్టింది. చిన్న చిన్న ముక్కలు రాయించడం, ఒక్కో ముక్కా నిజంగా కార్డు మీద పడిందని తేలాకే ఇంకో ముక్క రాయించడం. ముక్క పడ్డప్పుడల్లా ఒక చిన్న డబ్బీ టిక్కుమనేది. అక్క తెర వైపు చూడలేదు. కళ్ళు మూసుకుంది. ఒళ్ళో గుప్పెడు చింతగింజలు పోసుకుంది. టిక్కు టిక్కుమని కుట్టుమిషన్ నడిచినట్టు నడుస్తున్న చప్పుడు ఉన్నట్టుండి ఆగింది. అక్క ఒక గింజ తీసి బండ మీద పెట్టింది. మళ్ళీ నడిచింది. మళ్ళీ ఆగింది, ఇంకో గింజ. మూడోసారి ఆగినప్పుడు గదిలో ఏ చప్పుడూ లేదు. నేను ఊపిరి బిగబట్టాను, పట్టలేక వదిలాను, మళ్ళీ పీల్చాను, మళ్ళీ వదిలాను. నా కళ్ళముందు మా ఆయన వంగి బండ కింద గడ్డపార పెడుతున్నాడు. టిక్కుమంది. అక్క గుండెల మీద చెయ్యి వేసుకుని, ముప్పై ఎనిమిది సెకన్లని చెప్పింది.

మొత్తం మీద సగటు వేగం లెక్క కడితే బ్రహ్మాండంగా ఉంది. తెర మీద ఆ అంకె చూపించి, ఇది బాగానే ఉంది కదా అని నేను ఆశగా అడిగాను. ఆమె కోప్పడలేదు. చిన్నప్పుడు వాళ్ళ నాయిన సాయంత్రం మందను తోలుకొస్తూ, ముందు నడిచే గొర్లను చూసి మంద బాగానే పోతోందనుకున్నాడట. కుంటివి, సూడివి వెనకబడి వాగు అవతలే ఉండిపోయాయట. ఇంతలో వాగు పొంగిందట.

"మందల ముందుది చూడొద్దు చెల్లె. ఎనకబడ్డది ఏది, గది చూడాలె. గా అరుపులు నాకింకా ఇనవడ్తయి" అంది.

కార్డు ఎందుకు ఆగుతుందో కూడా చెప్పింది. చిటికెడు రాయాలన్నా అది లోపల ఒక గది మొత్తం ఖాళీ చేసి సర్దుకోవాలట. ఖాళీ గదులు ఉన్నన్నాళ్ళూ తెలియదు. రాసి రాసి గదులు నిండాక, రాయబోయినప్పుడల్లా ఇల్లు సర్దడం మొదలుపెడుతుంది. పైగా నేను క్షణానికోసారి రాయిస్తున్నాను, కొత్త కార్డయినా పది రోజుల్లో ఆ గతే పట్టింది. నిలకడగా రాసే గట్టి కార్డు ఒకటి తీసి పరీక్షించింది. చాలాసేపు ఒక్క గింజా పడలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇది పెట్టుకుంటే సరిపోతుందా అన్నాను.

"ఇయ్యాల ఆగలే. గంతే. కార్డన్నంక ఎప్పుడన్న ఆగుతది" అని, మళ్ళీ అడిగింది. "కార్డు ఆగితే నీ సైరన్ ఎందుకు ఆగుతది?"

నేను గర్వంగానే చెప్పాను. తీగ ఎంత సాగిందో చదవాలి, కార్డు మీద రాయాలి, రాసినట్టు రూఢి చేసుకోవాలి, ఆ తర్వాతే సైరన్ మోగించాలా వద్దా తేల్చాలి. సైరన్ మోగితే పని ఆగుతుంది కదా, రేపు ఎవరైనా ఎందుకు ఆపారని అడిగితే రాతపూర్వకంగా చూపించాలని యజమాని కోరిక. నాకూ అది సబబే అనిపించింది. మా ఆఫీసులో ఎంట్రీ పడనిదే ఏ కాగితమూ ఈ బల్ల మీదనుంచి ఆ బల్ల మీదికి కదిలేది కాదు. ఆరేళ్ళు అదే చేశాను. ఇంకో రకంగా చెయ్యవచ్చని నాకు తట్టనేలేదు.

అక్క తలెత్తి నన్ను చూసింది.

"ఇల్లంటుకుంటే ముందు కాయితం రాస్తవా చెల్లె?"

తల కొట్టేసినట్టయింది. గోడ కూలుతుంటే నా కంప్యూటర్ కలం పట్టుకుని, సిరా ఎండేదాకా కూర్చుంటుందన్నమాట. కార్డును తిట్టాను, దుకాణంవాణ్ణి తిట్టాను, సైరన్ వైరును అనుమానించాను. తప్పు నేను రాసిన నాలుగు వరుసల్లో ఉంది. ఆ నాలుగు వరుసల కింద ఒక సంవత్సరం పైగా పన్నెండు మంది పని చేశారు. నాకు ఏడుపొచ్చింది. ఎవరైనా అయితే ఊరుకోబెట్టేవారు, ఏమీ కాలేదు కదా అనేవారు. ఆమె అనలేదు. నా మోకాలి మీద చెయ్యి వేసి, జర ఫికర్ జెయ్యి చెల్లె అంది. ఫికర్ ఉన్నోళ్ళే సరిగ్గా కడతారని, ఇప్పుడు కూర్చుని మార్చమని పీట నా వైపు జరిపింది.

నా చేతనే మార్పించింది. ముందు మోగించాలి. రాయడం పక్కన వేరే దారిలో, తీరిగ్గా, పది చదివినవి పోగుచేసి ఒకసారి. రాత ఆగిపోయినా మోగడానికి ఆ సంగతే తెలియకూడదు. ఇంకొకటి కూడా పెట్టించింది. ప్రతి వరుసలో రెండు గడియలు ఉండాలి, జరిగిన గడియ ఒకటి, రాసిన గడియ ఒకటి. రెంటికీ తేడా పెరుగుతుంటే కార్డు ముసలిదవుతోందని తెలుస్తుందట. అన్నీ అయ్యాక, ఈ పాత రకం ఇంకెక్కడైనా పెట్టావా అని అడిగింది. పెద్దేముల్ దగ్గర ఇంకో గనిలో పెట్టానని, అదీ మారుస్తానని చెప్పాను.

తర్వాతి సెలవు రోజు కాకుండా, పని నడిచే రోజే తాండూరు వచ్చింది అక్క. పెట్టిన చోట చూడనిదే తనకు నిద్ర పట్టదట. గని అంచుకు పది అడుగుల దూరంలోనే ఆగిపోయి నా మోచేయి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. గుంత వైపు చూడకుండానే, కంప్యూటర్ నడుస్తుండగా కార్డు పీకెయ్యమంది. పీకాను. తీగ లాగమంది. లాగాను. సైరన్ వెంటనే కూసింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు, కింద నిలబడి వినాలంది.

ఆ మెట్లు మాకే కష్టం. బండలోనే ఇరుగ్గా చెక్కినవి, తడిస్తే జారతాయి. అక్క చిన్నపిల్లలా కూర్చుని, ఒక్కో మెట్టూ కూర్చునే దిగింది. పనివాళ్ళు పక్కకు తిరిగి నవ్వుకున్నారు. దేవుణ్ణి తలుచుకుంటూ, కళ్ళు సగం మూసుకుని, మట్టి గోడ మొదట్లో మా ఆయన నిలబడే చోటే వెళ్ళి నిలబడింది. ఐదుసార్లు మోగింపజేసింది. రాళ్ళు కోసే మిషన్ నడిపించి మరీ వింది. పైకి వచ్చేసరికి ముఖంలో నెత్తురు చుక్క లేదు. చెంబెడు నీళ్ళు తాగి, సైరన్ మోగాక అందరికంటే ఆఖరున ఎక్కేది ఎవరని అడిగింది. మా ఆయన చెయ్యెత్తాడు. మేస్త్రీ కదా, అందరూ ఎక్కాకే ఎక్కాలి. అక్క ఆయన్ను చూడలేదు, నన్ను చూసింది. పోతూ పోతూ పెద్దేముల్‌ది మరిచిపోవద్దంది.

మరిచిపోలేదు. వాయిదా వేశాను. ఆ గని యజమాని ఒకసారి పని ఆపనన్నాడు. ఒకసారి మా బంధువుల పెళ్ళి. కానీ అసలు కారణం అది కాదు, చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ చెబుతాను. మా గనిలో సైరన్ బాగుపడ్డాక నా భయం పోయింది. పెద్దేముల్ గనిలో మా ఆయన లేడు. నా భయమంతా మా ఆయన నెత్తి మీది మట్టి వరకేనని నాకు అప్పుడు తెలియదు.

శ్రావణంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు పొద్దున తెరిపిచ్చిందని పనిలోకి దిగారు. నేను షెడ్డులో కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాను. సైరన్ కూసింది. నేను తీగ లాగలేదు. ఎవరూ లాగలేదు. అంచుకు పరిగెత్తాను. ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఎందరు వచ్చారని నేను చూడలేదు, వెనక ఎవరున్నారని చూశాను. పదకొండు తలలు పైకొచ్చాయి. మా ఆయన మిషన్ స్విచ్చి కట్టేయడానికి వెనక్కి తిరిగాడు. నేను నోరారా ఆయన్ను తిట్టాను, పేరు పెట్టి పిలిచాను, పెళ్ళయ్యాక మొదటిసారి. ఆయన ఆఖరి మెట్టు మీద ఉండగా వెనక గోడ కూర్చున్నట్టుగా కిందికి దిగింది. పెద్ద చప్పుడు కూడా రాలేదు. ఆయన నిలబడే చోట మిషన్ పైకొస మాత్రమే కనిపించింది.

ఆయన ఒళ్ళంతా తడిమాక, షెడ్డులోకి వెళ్ళి రాత చూశాను. సైరన్ మోగిన వరుసలో జరిగిన గడియకూ రాసిన గడియకూ తేడా నలభై ఒక్క సెకన్లు. కార్డు సరిగ్గా ఆ నిమిషంలోనే ఇల్లు సర్దుకోవడానికి కూర్చుంది. తీగ పుటుక్కున తెగిన గడియ, అంటే గోడ కూలిన గడియ, సైరన్ మోగిన ముప్పై మూడు సెకన్లకు. నా పాత వరుసలే ఉండి ఉంటే, గోడ పడ్డాక ఎనిమిది సెకన్లకు సైరన్ మోగేది.

అక్కకు ఫోన్ చేశాను. ఎవరికేమైందంది. ఎవరికీ ఏమీ కాలేదని, గోడ పడిందని, అందరూ పైనే ఉన్నారని ఏడుస్తూ చెప్పాను. వెనక ఎవరైనా మిగిలారా అని రెండుసార్లు అడిగింది. లేరన్నాను. మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.

"పెద్దేముల్‌ది మార్చినవా?" అంది.

లేదక్కా అన్నాను. అదే వాన, అదే నల్లమట్టి. ఫోన్ పెట్టేసి పరిగెత్తమంది. ఆ యజమానికి మూడుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మా ఆయన్ను బురద బట్టలతోనే అక్కడ వదిలేసి షేర్ ఆటో ఎక్కాను. ఆటో నిండేదాకా ఆగుతానని డ్రైవర్ అంటే అందరి చోట్లూ నావేనని అరిచాను. అక్క మళ్ళీ తానే ఫోన్ చేసింది. దారంతా పెట్టెయ్యలేదు. మాట్లాడేది కూడా కాదు, మధ్యమధ్య ఎక్కడిదాకా వచ్చావని మాత్రం అడిగేది. తాండూరు దాటాను అక్కా. వంతెన దాటాను అక్కా. చినుకులు మళ్ళీ మొదలయ్యాయి అక్కా.

పెద్దేముల్ గనిలో పని ఆగలేదు. ఎనిమిది మంది కింద ఉన్నారు. చినుకులు పడుతున్నాయని గోడ వారగా చేరి, సద్ది మూటలు విప్పుకుని కూర్చున్నారు, వాన జల్లు అక్కడికి కొట్టదని. పైన ఒక్క మనిషి లేడు. నేను ఎవరినీ అడగలేదు. నెర్రె దగ్గరికి పోయి తీగను బలమంతా పెట్టి లాగాను.

ఏ చప్పుడూ లేదు. లాగి పట్టుకునే ఉన్నాను. ఐదు లెక్కపెట్టాను, పది లెక్కపెట్టాను. తీగకు అవతల కొత్తగా పడిన ఇంకో నెర్రెలో నా పాదం పట్టేంత సందు ఉంది. తీగ వదిలేసి అంచుకు వచ్చి, పైకి రమ్మని, అన్నీ వదిలేసి రమ్మని గొంతు చించుకున్నాను. కింద ఒక పెద్దావిడ చేతిలో రొట్టెముక్కతో తలెత్తి చూసింది. నేను ఎవరో ఆమెకు గుర్తుంది. అలారం పెట్టిన అమ్మాయినని గుర్తుంది. నవ్వింది కూడా.

"సైరన్ మోగలే గద బిడ్డా. మోగితే వస్తం" అంది.

అని రొట్టె తుంచుకుంది. మిగతావాళ్ళు తలలు కూడా ఎత్తలేదు. నేను పెట్టిన దాని మీద వాళ్ళకు అంత నమ్మకం. చేతిలో ఫోన్ అట్లాగే ఉంది. ఆ మాట అక్క వింది. గుంత అంచుకు పది అడుగుల దూరంలోనే నా మోచేయి పట్టుకున్న మనిషి, మెరుపుకు ప్లగ్గులు పీకే మనిషి, గొంతు వణుకుతూనే చెప్పింది.

"దిగు చెల్లె. దిగి అందరిని తోల్కరా. నువ్వు ఎనక ఎక్కు."

ఆ ఎనిమిది మందినీ ముందు ఎక్కించి నేను వెనక ఎక్కాను గానీ, కార్డు రాయడం ఎప్పుడు పూర్తయిందో, సైరన్ ఎప్పుడు మోగిందో నాకు తెలియదు. అప్పటికే నేను తడి మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్కటే దిగుతున్నాను.